కుడి వైపు సీటు

మార్చి 4

ప్రోఖోర్ చనిపోయాడు. రాసి పెట్టుకోకపోతే రేపు లేవగానే అతని పడక అర దగ్గరికి వెళ్లి, "టీ కలపమంటారా పెద్దాయనా?" అని అడిగేస్తానేమో. అందుకే రాస్తున్నాను.

పొద్దున ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతున్నాడు. నేను పక్క గదిలో నీళ్ల యంత్రానికి వడపోత మారుస్తున్నాను. అడుగుల చప్పుడు ఆగింది. పట్టీ తిరుగుతున్న మోత మాత్రం ఆగలేదు. ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాను. మరలు బిగించడం పూర్తయ్యాకే వెళ్లాను. అప్పటికే మా మూడోవాడు ఎర్తాయ్ అక్కడున్నాడు. మనిషి తేలిపోకుండా భుజాలకు తగిలించుకునే రబ్బరు తాళ్లు ప్రోఖోర్‌ను నిలబెట్టే ఉంచాయి. తల ముందుకు వాలిపోయింది. పాదాల కింద పట్టీ ఇంకా తిరుగుతోంది.

ఈ అంతరిక్ష కేంద్రంలో బరువుండదు, ఒకరి గుండె మీద నొక్కితే నొక్కినవాళ్లే వెనక్కి ఎగిరిపోతారు. పాదాలు పైకప్పుకు తన్నిపెట్టి నొక్కాను. నేను అలసిపోతే ఎర్తాయ్, ఎర్తాయ్ అలసిపోతే నేను. షాక్ ఇచ్చే యంత్రం కూడా వాడాం. చివరికి కింద, భూమి మీద నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "చాలు పిల్లలూ. ఇక వదిలేయండి."

నేను అతని చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎర్తాయ్ నా మోచెయ్యి తట్టాడు.

"తాస్యా, పెద్దాయనకు సూట్ తొడిగి ఇప్పుడే మడవాలి."

"ఏంటి?"

"మోకాళ్లు రొమ్ముకు ఆనేలా. భూమికి దిగేటప్పుడు నౌక సీట్లో అలాగే కదా పడుకుంటాం. ఒళ్లు బిగుసుకుపోయిందంటే ఇక సీట్లో పట్టడు."

"నీకు మనసనేది ఉందా? ఇంకా వేడిగా ఉన్నాడయ్యా!"

"అందుకే ఇప్పుడే అంటున్నాను."

తిట్టాను. పడ్డాడు. కానీ పని ఆపలేదు. కాసేపటికి నేనూ చెయ్యి వేశాను. సూట్ తొడిగి, మోకాళ్లు మడిచి, పట్టీలతో కట్టాం. కడుపులో బిడ్డ ఉన్నట్టు ఉన్నాడు. నిద్రసంచీలో పెట్టి వెనక కొస గదిలో కట్టేసి, అక్కడి హీటర్లు ఆపేశాం.

మార్చి 5

కింద నుంచి క్లిమ్ బొరీసొవిచ్ మాట్లాడాడు. కింద కూర్చుని ఈ యాత్రను నడిపించేది ఆయనే. గొంతు బొంగురుపోయి ఉంది. ఆయనా ప్రోఖోరూ ఒకే బ్యాచ్.

"మీరిద్దరూ దిగి వచ్చేయండి. నౌక సిద్ధం చేయడం మొదలుపెట్టండి. తాయిసియా, ఇక నువ్వే కమాండర్‌వి." తాస్యా అనలేదు, నా పూర్తి పేరు పెట్టి పిలిచాడు.

"ప్రోఖోర్ ఇల్యిచ్ సంగతి?"

"దాని గురించి మాట్లాడదాం."

మేము దిగిపోతే తర్వాతి జట్టు వచ్చేదాకా స్టేషన్‌లో ఎవరూ ఉండరు. దీపాలు ఏ క్రమంలో ఆర్పాలో కూడా కింది నుంచి పంపారు.

మార్చి 6

లాప్‌టాప్ మీద దిగడం సాధన చేశాను. నౌక తనంతట తానే దిగుతుంది. దానికేదైనా అయితే కమాండర్ చేత్తో దింపాలి. ఆ పని ప్రోఖోర్‌ది. నేనూ నేర్చుకున్నాను, పరీక్షా పాసయ్యాను. అన్నిసార్లూ అతను పక్కనే ఉన్నాడు.

ఇవాళ మొదటిసారి చైనాలో దిగాను. తర్వాత కాస్పియన్ సముద్రంలో. ఆ తర్వాత మరీ నిటారుగా దూసుకుపోయి, సీట్లలో ఉన్నవాళ్లెవరూ బతకరని తెర మీద ఎర్రగా పడింది.

"చైనా అయితే బాగుండేది," అన్నాడు ఎర్తాయ్. "కనీసం అన్నం పెట్టేవాళ్లు."

నవ్వడానికి చూశాను. అలసట వల్ల అలా జరిగింది. రేపు కుదురుతుంది.

మార్చి 7

బాగానే ఉన్నాను. నిద్ర పట్టింది.

మార్చి 8

లేచేసరికి నా అర తలుపుకు ఒక చాక్లెట్ అంటించి ఉంది. ఇవాళ మహిళల పండగ అన్న సంగతే మర్చిపోయాను.

"నాది కాదు," అన్నాడు ఎర్తాయ్. "పెద్దాయన ఎప్పుడో సరుకు నౌకలో తెప్పించి నా దగ్గర దాచాడు. నీ కంట పడితే పండగకు ముందే తినేస్తావని."

తినలేకపోయాను. జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ప్రోఖోర్ భార్యతో మాట్లాడించారు. రైసా మిఖైలొవ్నా ముఖం తెర మీద చిన్నగా కనిపించింది. తల దువ్వుకుని, మెడకు రుమాలు చక్కగా కట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ముందు నా తిండి గురించి అడిగింది. తర్వాత ఎర్తాయ్ గురించి. ఆ తర్వాత అడిగింది.

"ఆయన ముఖం ఎలా ఉంది?"

"నిద్రపోతున్నట్టుంది."

నిద్రసంచీ మూత బిగించాక ఆ గదిలోకి నేను వెళ్లలేదు.

"ఇన్నేళ్లూ ఆయన్ని మీకే ఇచ్చేశాను తాస్యా. కొన్నాళ్లు శిక్షణ, కొన్నాళ్లు ఆకాశం. ఇంట్లో ఉన్నా కిటికీ దగ్గరే నిలబడేవాడు. ఈ ఒక్కసారి నాకు తెచ్చివ్వు తల్లీ. మా అమ్మ సమాధి పక్కన చోటు ఉంది. నేను వెళ్లి కూర్చోవడానికి ఓ చోటంటూ ఉండాలి కదా."

"తెస్తాను రైసా మిఖైలొవ్నా."

"మాటేనా?"

"మాటే."

మార్చి 9

కుడి వైపు జెట్లు పరీక్షించాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రక్తం నమూనాలు మంచుపెట్టెలోంచి తీసి సర్దాం. నాది ఎడమ సీటు, ఇప్పుడు మధ్యకు మారాలి. ఎర్తాయ్ ఎడమకు వస్తాడు. ప్రోఖోర్ కుడికి.

సాధన మళ్లీ చేశాను. మళ్లీ తప్పింది.

మార్చి 10

క్లిమ్ బొరీసొవిచ్ చాలాసేపు మాట్లాడాడు. యాత్రల మీద నిర్ణయాలు తీసుకునే బోర్డు కూర్చుని ఆలోచించిందట. చనిపోయిన మనిషి ఒంట్లోంచి వాయువులు వస్తాయి. దిగేటప్పుడు మీద పడే ఒత్తిడికి సూట్ అతుకులు నిలుస్తాయని ఎవరూ పూచీ పడలేరు. మేమిద్దరం పీల్చేదీ ఆ గాలే.

"మా హెల్మెట్లు మూసే ఉంటాయి కదా," అన్నాను.

"అందుకే ప్రమాదం తక్కువంటున్నాను. అసలు లేదని మాత్రం చెప్పలేను."

"మరి ఏం చేయమంటారు?"

"మీ దగ్గర సరుకు నౌక ఉంది. చెత్త నింపి ఎలాగూ విడిపించాలి. సముద్రం మీద కాలిపోతుంది. అది కూడా ఒక రకం దహనమే అనుకోవచ్చు."

ఎర్తాయ్ మైకు లాక్కున్నాడు. "ఇది ఆజ్ఞా, సలహానా?"

"సలహా. కమాండర్ ఎలా అంటే అలా. ఆమె తీసుకొస్తానంటే మేము అడ్డు చెప్పం. ఆ మేరకు లెక్కలు వేసి పంపిస్తాం."

"కమాండర్ అంటే..." అన్నాను.

"నువ్వే తాయిసియా."

ఇంకొకటి కూడా చెప్పాడు. ప్రోఖోర్‌ను తేకపోతే కుడి సీటు ఖాళీగా ఉండకూడదు. నౌక ఒక పక్కకు ఒరిగిపోతుంది. పాత బ్యాటరీలో, పాడైన పంపులో, ఏవైనా సంచీల్లో కట్టి అతనంత బరువు ఆ సీట్లో పెట్టాలి.

లైన్ తెగాక ఎర్తాయ్ పడీపడీ నవ్వాడు. వినడానికి బాగాలేదు. "మనిషి వద్దట. మనిషి బరువు మాత్రం కావాలట."

మార్చి 11

ఇవాళ గొడవ పడ్డాం.

నేను సీటు కింద సంచీలు కడుతుంటే ఎర్తాయ్ నౌక ద్వారంలోంచి తల దూర్చాడు.

"ఏమనుకున్నావు?"

"ఆలోచిస్తున్నాను."

"ఆలోచించడానికేముంది? ఆమెకు మాటిచ్చావు. నేను పక్కనే ఉన్నాను."

"అప్పటికి బోర్డు సంగతి తెలియదు."

లోపలికి వచ్చి కుడి సీటు అంచు పట్టుకుని తేలాడు. దిగే నౌకలో గుండులాంటి ఆ ఇరుకు గదిలో ఇద్దరం ఉంటేనే ఊపిరాడదు.

"మా తాత మంద వెంట పోయి మంచు తుఫానులో చనిపోయాడు," అన్నాడు. "మా నాన్నా చిన్నాన్నా ఆయన్ని గుర్రం మీద కట్టుకుని ఊరికి తెచ్చారు. చిన్నాన్నకు రెండు వేళ్లు మంచుకు కుళ్లి ఊడిపోయాయి. ఆ మిగిలిన వేళ్లతోనే చచ్చేదాకా గుర్రాలకు కళ్లేలు అల్లాడు. ఎందుకు తెచ్చామా అని ఒక్కరోజు కూడా అనుకోలేదు."

"అది గుర్రం. ఇది నిప్పుల్లోంచి దిగే గుండు. ఇద్దరు బతికున్నవాళ్ల ప్రాణాలు చూసుకోవాలి నేను."

"ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. నాకు సమ్మతమే. పో, సగం పని అయిపోయింది."

"నాకు సమ్మతం కాదు."

"ఎందుకు?"

సూట్ అతుకుల గురించి చెప్పాను. వాయువుల గురించి చెప్పాను. ఏ కవాటం ఎప్పుడు తెరుచుకుంటుందో కూడా చెప్పాను. అంతా విన్నాడు.

"ఇవన్నీ క్లిమ్ మాటలు. నీ మాట చెప్పు."

"ఇదే నా మాట."

"కమాండర్ గారికి భయమేస్తోంది," అన్నాడు. ఎగతాళి చేసినట్టు లేదు, నాకు జ్వరమొచ్చిందని చెప్పినట్టు అన్నాడు. "భయమేస్తే భయమని చెప్పు తాస్యా. నేను పెద్దాయన పక్కన పడుకుంటాను. నువ్వు ఎడమ సీట్లోనే ఉండు. మధ్యలో నేను కూర్చుని నడుపుతాను."

"నీకు నడపడం రాదు."

"నీకొచ్చా?"

నేను అతన్ని దాటుకుని బయటికి వచ్చేశాను. ఆపలేదు.

మార్చి 12

మరోసారి రాసుకుంటున్నాను, స్పష్టంగా ఉండటానికి. సూట్ అతుకుల సంగతి ఎవరూ చెప్పలేరు. లోపలి గాలి ఒక్కటే. నాకు చేత్తో దింపడం సరిగా కుదరడం లేదు, అలాంటప్పుడు ఇంకో ప్రమాదం జోడించకూడదు. ఎర్తాయ్‌కి ఇద్దరు ఆడపిల్లలు. ఎవరైనా ఇదే చేస్తారు. ప్రోఖోర్ ఉన్నా ఇదే చేయమనేవాడు.

ఆ సీట్లు మరీ దగ్గర. భుజం భుజానికి ఆనుతుంది. కిందికి వచ్చేకొద్దీ ఒంటికి బరువు తిరిగొస్తుంది. అతని బరువు కూడా. తల ఒరిగి నా వైపుకు

అందుకు కాదు. సూట్ అతుకుల కోసమే.

మార్చి 13

కిందికి చెప్పేశాను. సరుకు నౌక అని.

"సరైన నిర్ణయం," అన్నాడు క్లిమ్ బొరీసొవిచ్. నా మాట పూర్తి కాకముందే అన్నాడు. "రైసాకు మేమే చెబుతాం. బోర్డు నిర్ణయమని చెబుతాం. నువ్వు కంగారు పడకు."

నేను కాదనలేదు.

మార్చి 14

సరుకు నౌక నిండా చెత్తే. మాసిన బట్టలు, ఖాళీ చేపల డబ్బాలు, మరుగుదొడ్డి డబ్బాలు. నేను వెళ్లేసరికి ఎర్తాయ్ అవన్నీ ఒక పక్కకు నెట్టి, మధ్యలో శుభ్రమైన చోటు చేసి ఉంచాడు. ప్రోఖోర్ వీపు కొలతకు అచ్చు పోసిన సీటు పరుపును ఊడదీసి తెచ్చి అక్కడ బిగించాడు.

"అది నౌకలో ఉండాలేమో," అన్నాను.

"చెత్త సంచీలకు పరుపెందుకు?"

ఇద్దరం అతన్ని కొస గదిలోంచి తెచ్చాం. దారిలో మలుపు దగ్గర సంచీ గోడకు తగిలింది. "జాగ్రత్త పెద్దాయనా," అన్నాడు ఎర్తాయ్, అలవాటు కొద్దీ. ఆ అచ్చులో అతను సరిగ్గా కూర్చున్నాడు. మొదటి రోజే మడిచినందుకు.

"ముఖం చూస్తావా?" అన్నాడు ఎర్తాయ్.

"వద్దు."

అతను మూత కొద్దిగా తీసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ మూశాడు. నేను పైపుల మీద రాసిన అంకెలు చదువుతూ ఉండిపోయాను. తర్వాత ఎర్తాయ్ చేతులు ముందుకు చాపి, తన భాషలో చాలాసేపు ప్రార్థన చదివాడు.

"పెద్దాయన క్రైస్తవుడు కదా," అన్నాను.

"ఇక్కడున్నది నేను కదా."

తలుపు మూయడం కమాండర్ పని. మూశాను. గాలి కారుతోందేమో చూశాను. లేదు.

మార్చి 15

సరుకు నౌక విడిపోయింది. కిటికీలోంచి కొంతసేపు కనిపించింది, తర్వాత చుక్క, తర్వాత ఏమీ లేదు. అది కాలే సమయానికి మేము భూమికి అవతలి పక్క ఉన్నాం. కిందనున్న సముద్రంలో ఓడలు కూడా తిరగవట.

ఎర్తాయ్ పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. "స్పానర్." "పట్టుకో." "అయింది."

మార్చి 16

కుడి సీటు నింపాం. కాలిపోయిన బ్యాటరీలు, రెండు పంపులు, తాళ్లు. అటూ ఇటూ జరగకుండా పట్టీలు బిగించాను. ఎర్తాయ్ నా వెనకే వచ్చి, అన్నీ విప్పి మళ్లీ బిగించాడు.

ఒంట్లో నీళ్లు నిలవడానికి ఉప్పునీళ్లు తాగాం. వాంతి వచ్చింది.

దీపాలు ఒక్కో గదిలో ఆర్పుతూ వచ్చాం. బయల్దేరే ముందు ఒక్క నిమిషం కూర్చోవాలనేది ప్రోఖోర్ పట్టు. ఎక్కడికి వెళ్లినా అంతే, కూర్చోకుండా గడప దాటనిచ్చేవాడు కాదు. ఇక్కడ కూర్చోవడమంటే మోకాళ్లు మడిచి కడ్డీ పట్టుకోవడమే. నేను పట్టుకున్నాను. ఎర్తాయ్ పట్టుకోలేదు. నన్ను చూస్తూ ద్వారం దగ్గరే ఉన్నాడు.

మార్చి 17

ఇవాళ దిగుతున్నాం.

మార్చి 19, ఆస్పత్రి

పెన్ను బరువుగా ఉంది. దుప్పటి బరువుగా ఉంది. గ్లాసును గాల్లో వదిలేశాను, పగిలిపోయింది. నర్సమ్మ నవ్వింది. "అందరూ అదే చేస్తారమ్మా," అంది.

దిగడం గురించి రాయాలి.

ఏమీ జరగలేదు. నౌక తనంతట తాను విడిపోయింది, తనంతట తాను తిరిగింది, తనంతట తాను దిగింది. కిటికీ బయట నిప్పులు కనిపించాయి. తర్వాత కిటికీ నల్లబడింది. నేను మీట పట్టుకునే ఉన్నాను, ఒక్కసారి కూడా కదపలేదు. కదపాల్సిన అవసరమే రాలేదు. అంకెలన్నీ పుస్తకంలో అచ్చేసినట్టు ఉన్నాయి. క్లిమ్ బొరీసొవిచ్ చెవిలో అంటున్నాడు: "అద్భుతం తాయిసియా, అద్భుతం."

బరువు తిరిగొస్తుంటే కుడి వైపు సంచీ నా మీదికి జరిగింది. ఒక బ్యాటరీ మూల నా భుజంలో గుచ్చుకుంది. నేల తగిలేదాకా అలాగే ఉంది. ఇప్పుడక్కడ కమిలిపోయింది.

నౌక పక్కకు పడింది. తలుపు తీయగానే చల్లగాలి, కాలిన గడ్డి వాసన. నన్ను ముందు తీశారు. తర్వాత ఎర్తాయ్‌ని. కుర్చీలో కూర్చోబెట్టగానే అతను చెయ్యి కిందికి వేలాడదీసి మంచు కింద నేలను తడుముకున్నాడు. అది అతని ఊరి వైపు నేలే. తర్వాత కుడి సీటులో సంచీ. ఇద్దరు బలమైన మగాళ్లు పట్టినా ద్వారంలోంచి రాలేదు. మూడోవాడు వచ్చాడు.

"దీంట్లో ఏం పెట్టారమ్మా తల్లీ!" అన్నాడొకడు. పక్కవాడు అతని చెయ్యి గిల్లాడు.

మార్చి 20

నడక నేర్పుతున్నారు. మలుపుల దగ్గర గోడలకు గుద్దుకుంటున్నాను.

మార్చి 21

ఎర్తాయ్‌ది పక్క గదే. వాళ్లావిడ, పిల్లలు వచ్చారు. నవ్వులు వినిపించాయి. నేను వెళ్లలేదు.

సాధన తెర మీద అన్నిసార్లు తప్పాను. తప్పినమాట నిజం. ఆ భయం ఊరికే వచ్చిందేమీ కాదు.

మార్చి 22

రైసా మిఖైలొవ్నా వచ్చింది.

ఎర్తాయ్ నడిపించుకుని తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడంటే, ఆమె చెయ్యి పట్టుకుని అతనే నడిచాడు. అతనికింకా కాళ్లు నిలవడం లేదు. తెర మీద చూసినదానికన్నా ఆమె చాలా పొట్టి. కోటు కూడా విప్పలేదు. నేరుగా వచ్చి నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

ఏం చెప్పాలో ముందే అనుకుని ఉన్నాను. మాటిచ్చాను, నిలబెట్టుకోలేదు. బోర్డు కాదు, నేనే. అంతే. రాత్రంతా అదే అనుకున్నాను. నోరు తెరిచాను.

"ఏమీ చెప్పకు తల్లీ," అంది. "ఎర్తాయ్ అంతా చెప్పాడు."

నేను ఎర్తాయ్ వైపు చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"వాళ్లతో ఎంత పోట్లాడావో చెప్పాడు. గొంతు పోయేలా అరిచావట. దింపితే ముగ్గురం దిగుతాం, లేకపోతే ఎవరం దిగమన్నావట." ఆమె అప్పుడు ఏడ్చింది. ఈ రోజులన్నిటికీ కలిపి ఏడ్చింది. "చివర్లో ఆయన ముఖం నువ్వే తుడిచావట కదా. నేను చెయ్యాల్సింది. నా బదులు నువ్వు చేశావు."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆమె నా చేతులను తన చెంపలకు ఆనించుకుంది.

"ఇంకాస్త గట్టిగా పోట్లాడాల్సింది, రైసా మిఖైలొవ్నా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. గొంతు కూడా సరిగ్గా ఎక్కడ పూడుకుపోవాలో అక్కడే పూడుకుపోయింది.

"నువ్వేం చేయగలవు తల్లీ," అంది ఆమె, నా తల నిమురుతూ. "నువ్వొక్కదానివి. వాళ్లంతమంది."

ఎర్తాయ్ లేచాడు. గోడ పట్టుకుని, మంచం అంచు పట్టుకుని, తలుపు పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. అంత దూరం అతను సాయం లేకుండా నడవడం అదే మొదటిసారని తర్వాత నర్సమ్మ చెప్పి సంబరపడింది.

ఆమె వెళ్లాక అతని గదికి వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఎందుకలా చెప్పావు?"

"ఆమె కోసం చెప్పాను." ఇటు తిరగలేదు. "నీ కోసమని అనుకోకు."

"నేను నిజం చెప్పేద్దామనుకున్నాను."

"చెప్పలేదుగా."

నిలబడ్డాను. కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను.

"తలుపు దగ్గరగా వేసి వెళ్లు తాస్యా," అన్నాడు.

మార్చి 25

ఎర్తాయ్ ఇంటికి వెళ్లిపోయాడు. నాకు చెప్పలేదు. మంచం మీద దుప్పటి మార్చేశారు.

మార్చి 29

రైసా మిఖైలొవ్నా మళ్లీ వచ్చింది. ఇంట్లో కాచిన బీట్‌రూట్ సూప్ జాడీలో పోసి, చల్లారకుండా శాలువాలో చుట్టి తెచ్చింది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది. ఆయనకు ఇంకాస్త పులుపు ఉండాలి, నీకెలా ఉంది అని అడిగింది. బాగుందన్నాను. ఇంట్లో తోచడం లేదట. ఆయన్ని ఆఖరున చూసుకున్నదానివి, నీ దగ్గరుంటే ఆయన దగ్గరున్నట్టే ఉంది అంది. నన్ను ఇంటికి పంపాక కూడా ప్రతి ఆదివారం వస్తానంది.

సరేనన్నాను.